జైతో వడ్రంగి గురించి నీకే చెప్పాలి

ఒరేయ్ మామా,

సారీరా, నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, రోజూ రాద్దాం అనుకోవడం, డ్యూటీ నుంచి వచ్చి పడిపోవడం. నేను బానే ఉన్నా, ఈ పంజాబు బఠిండాలో చలి మామూలుగా లేదు, అమ్మ పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది, నీ బాకీ వచ్చే నెల వేస్తా. ఇక అసలు సంగతి చెప్పేస్తా, ఆగలేకపోతున్నా.

మా షిఫ్టులో జైతో అనే ఊరి నుంచి వచ్చే పెద్దాయన ఒకరున్నారు. ఇక్కడ్నుంచి ఫిరోజ్‌పూర్ వైపు ట్రైన్‌లో కాసేపే. మాటల్లో నీ గురించి చెప్పా, మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న బండి చక్రాలు చేసేవాడు అని. ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి, మా ఊళ్ళో కూడా ఒక వడ్రంగి కొడుకు ఉండేవాడు, జ్ఞానపీఠం తెచ్చుకున్నాడు అన్నారు. నేను నమ్మలేదు. మర్నాడు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు, పంజాబీ నవలకి హిందీ అనువాదం. గుర్‌దియాల్ సింగ్ అని, ‘మఢీ దా దీవా’ అనే నవల, 1964లో వచ్చింది. మఢీ అంటే పోయినవాళ్ళ గుర్తుగా కట్టే చిన్న ఇటుకల కట్టడం, దాని మీద పెట్టే దీపం అన్నమాట.

మామా, ఈయన పన్నెండు పదమూడేళ్ళకే బడి మానేసి నాన్నతో పనిలో కూర్చున్నాడంట. ఎడ్లబండి చక్రాలు, నీళ్ళ ట్యాంకులకి రేకులు. అది చదవగానే మీ కొట్టే కళ్ళముందుకొచ్చింది, నువ్వు ఎనిమిదో క్లాసులో చక్రాల ఆకులు చెక్కుతూ కూర్చోవడం, ఇనుప కట్టు ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కించి నీళ్ళు పోస్తే వచ్చే ఆ చుయ్య్ చప్పుడు, మనిద్దరం ఆ ఆవిరిలో నిలబడి... సరే, అది తర్వాత. స్కూల్ హెడ్మాస్టరు మదన్ మోహన్ శర్మ గారు చదువు ఆపొద్దని వెంటపడితే పని చేసుకుంటూనే ప్రైవేటుగా మెట్రిక్ కట్టాడు, బడిపంతులయ్యాడు, తర్వాత కాలేజీలో లెక్చరర్, యూనివర్సిటీ ప్రొఫెసర్. నువ్వు టెన్త్ ప్రైవేటుగా కట్టినప్పుడు మన లెక్కల మాస్టారు అన్న మాట గుర్తొచ్చిందా? నాకొచ్చింది. ఇక్కడ రాయను, నీకు తెలుసుగా.

కథలో జగ్‌సీర్ అని ఒకడుంటాడు, దళితుడు. సీరీ అంటారు ఇక్కడ, మన పాలేరు లాంటోడే, కాకపోతే పంటలో చిన్న వాటా ఇస్తారు. యజమాని ధరమ్ సింగ్ మంచోడే, వీడి కుటుంబానికి ఒక పొలం చెక్క నోటిమాటగా వదిలేశారు, కాగితం లేదు. ఎలా ఉంటుంది చెప్పు, 1900లో తెచ్చిన చట్టంతో పంజాబులో వ్యవసాయ కులాలు కానివాళ్ళు భూమి కొనుక్కోవడానికే లేకుండా పోయింది. ఆ పొలంలో జగ్‌సీర్ వాళ్ళ నాన్న నాటిన టాహ్లీ చెట్టు ఉంటుంది, అదే శీశం కర్ర, మీ నాన్న చేతికి దొరికితే పండగ చేసుకునేవాడు ఆ కర్ర. ధరమ్ సింగ్ కొడుకు భంతా ఆ చెట్టు కొట్టించి అమ్మేస్తాడురా. అక్కడ పుస్తకం మూసేసి బయటికెళ్ళిపోయా. మీ దొడ్లో వేపచెట్టు కొట్టిన రోజు నువ్వు అన్నం తినలేదు చూడు, అదే.

ఇంకా భానీ అని ఒకామె ఉంది, మంగలి నిక్కా పెళ్ళాం, జగ్‌సీర్‌కి ఆమె అంటే ప్రాణం, వాళ్ళ మధ్య పైకి అనుకునే మాటలే తక్కువ. చివర్లో దీపం పెట్టేది ఆమే. ఇంతకంటే చెప్పను, నువ్వు చదవాలి. పుస్తకం పోస్టులో పంపిస్తా, నీకు హిందీ నెమ్మదిగా అయినా వస్తుంది.

1999లో జ్ఞానపీఠం వచ్చింది, హిందీ రచయిత నిర్మల్ వర్మతో కలిపి ఇచ్చారు. పంజాబీలో అమృతా ప్రీతమ్ తర్వాత ఈయనకే. 2016లో పోయాడు, ఇదే బఠిండాలో. అంటే నేను రోజూ తిరిగే ఊళ్ళోనే మామా! మొన్న ఆదివారం జైతో వెళ్ళొచ్చా. స్టేషన్ దిగి బజారు వెంట నడుస్తుంటే ఒక కొట్లో ముసలాయన కర్ర చిత్రిక పడుతున్నాడు, ఆ పొట్టు వాసన మీ కొట్టు వాసనేరా, అచ్చంగా. చాలాసేపు అక్కడే నిలబడిపోయా. ఆయన కూర్చోమని స్టూలు జరిపాడు.

మామా ఒకటి అడగాలి. కొలతల పుస్తకం వెనక పేజీల్లో నువ్వు రాసేవాడివి కదా, మీ నాన్న గురించి, ఆ రంపం గొయ్యి గురించి. అది ఉందా? పారేయలేదుగా? ఉంటే ఫొటోలు తీసి పెట్టు, నాకు అర్జెంటుగా కావాలి, ఎందుకంటే ఆ పెద్దాయనకి నేను ఆల్రెడీ...

బస్సు హారన్ కొడుతున్నాడు, షిఫ్టు టైమైంది. పిన్నిని అడిగానని చెప్పు. మిగతాది రాత్రికి