మూర్తీ, నా ఆపరేషన్ నీకు సరిపోదేమో

రాజమహేంద్రవరం,
ఆదివారం రాత్రి

మూర్తీ,

నీ ఉత్తరం నిన్న అందింది. కాలేజీ నుంచి రాగానే చదివాను, పడుకోబోయే ముందు మళ్లీ చదివాను. "నువ్వు ఏది చేయించుకున్నావో నాకూ అదే చేయమని డాక్టరుతో చెప్పేస్తాను" అని రాశావే, ఆ ఒక్క వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. నా మీద నీకున్న నమ్మకానికి సంతోషమే. కాకినాడ హాస్టల్లో ఉన్నప్పుడు ఒకే తానులోంచి ఇద్దరం చొక్కాలు కుట్టించుకున్నాం, సరిపోయాయి. ఇది అలా కుదరదురా. బరువు తగ్గించే ఆపరేషన్లలో నాకు బైపాస్ ఎందుకు సరిపోయిందో చెబుతాను. అది వింటే నీకు ఎందుకు సరిపోకపోవచ్చో నీకే తెలుస్తుంది.

అప్పుడు నా బరువు 118 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. నాకు దాదాపు 42 వచ్చింది. ఆరేళ్లుగా షుగరు, మూడు నెలల సగటు పరీక్షలో 9.1. మొదట వెళ్లిన ఆసుపత్రిలో పది నిమిషాల్లో స్లీవ్, అంటే జీర్ణాశయాన్ని కోసి సన్నం చేసే ఆపరేషన్, అని తేల్చేశారు. గొంతులోంచి కెమెరా గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ లేదు, రాత్రిపూట గొంతులోకి పులుపు వస్తుందా అన్న ప్రశ్న లేదు. ఖర్చెంత, ముందుగా ఎంత కట్టాలి అన్నది మాత్రం కాగితం మీద రాసిచ్చారు. మెట్లు దిగుతుండగా లలిత ఆగిపోయింది. "నాలుగేళ్లుగా మీరు మూడు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు. ఆ సంగతి వాళ్లు అడగలేదు, మీరూ చెప్పలేదు" అంది. ఆ మాట వల్లే మరో సర్జన్ దగ్గరికి వెళ్లాం. మీ చెల్లెమ్మ ఆ రోజు మెట్ల మీద ఆగకపోయి ఉంటే ఈ ఉత్తరం వేరేలా ఉండేది.

రెండో సర్జన్ ముందు ఎండోస్కోపీ చేయించారు. అన్నవాహిక కింది భాగం యాసిడ్‌కు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. పైగా హయాటస్ హెర్నియా, అంటే జీర్ణాశయం పైభాగం కొంత ఛాతీలోకి జారింది. అప్పుడాయన తెల్లకాగితం తీసుకుని రెండు బొమ్మలు గీశారు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మొదటి బొమ్మ స్లీవ్. జీర్ణాశయాన్ని నిలువునా స్టేప్లర్‌తో కోసి, నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. అరటికాయంత గొట్టం మిగులుతుంది. తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. పేగుల జోలికి పోరు. కానీ సన్నటి గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, దాంతో యాసిడ్ పైకి తన్నే గుణం ఉన్నవాళ్లకు అది పెరిగే ప్రమాదం ఉంది. స్విట్జర్లాండ్‌లో ఈ రెండు ఆపరేషన్లనూ పోల్చి, 5 ఏళ్ల ఫలితాలను 2018లో ప్రచురించారు. అంతకు ముందే యాసిడ్ బాధ ఉన్నవాళ్లలో అది ముదిరినవారు స్లీవ్ తర్వాత దాదాపు 32 శాతం, బైపాస్ తర్వాత 6 శాతం. మూడు దిండ్ల మనిషిని నేను. ఆ అంకెలు చూశాక ఇక ఆలోచించడానికి ఏముంటుంది?

రెండో బొమ్మ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో కోడిగుడ్డంత సంచిని వేరు చేస్తారు. మిగిలిన జీర్ణాశయాన్ని తీసెయ్యరు, లోపలే ఉంచుతారు, కాకపోతే అన్నం ఇక దానిలోకి వెళ్లదు. చిన్న పేగును కొంత దూరంలో కోసి, ఒక కొనను పైకి తెచ్చి ఆ సంచికి కుడతారు. రెండో కొనను కిందికి తీసుకెళ్లి పేగులోనే కలుపుతారు. బొమ్మలో చూస్తే ఇంగ్లిషు వై అక్షరంలా ఉంటుంది. సీజర్ రూ అనే స్విస్ సర్జన్ పేరు, ఆ వై కలిసి దీన్ని రూ-ఎన్-వై అంటారు. బరువు తగ్గించడానికి బైపాస్‌ను మొదట 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ చేశారు. అంటే దాదాపు 60 ఏళ్లుగా మనుషుల మీద నిగ్గుతేలిన పని. నాకు ధైర్యం కలిగింది ఆ మాటకే. అమ్మ మాత్రం బైపాస్ అన్న మాట వినగానే "గుండెకా నాయనా?" అని కూలబడిపోయింది. ఆ బొమ్మ చూపించి, ఇది కడుపుకని చెప్పడానికి సాయంత్రం దాకా పట్టింది.

షుగరు కూడా నన్ను బైపాస్ వైపే నెట్టింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు షుగరు ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, 5 ఏళ్ల తర్వాత సగటు షుగరు 6 లేదా అంతకన్నా తక్కువకు వచ్చినవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, కేవలం మందులతో 5 శాతం. రెండు ఆపరేషన్ల మధ్య తేడా పెద్దది కాదు, నిజమే. కానీ నాకు యాసిడ్, షుగరు రెండూ ఒకే దిక్కు చూపించాయి. పద్నాలుగు నెలలు గడిచాయి. ఇప్పుడు 81 కిలోలు. షుగరు ఒక్క మాత్రతో 6.2. ఒక్క దిండు మీద పడుకుంటున్నాను మూర్తీ! ఈ మాట రాస్తుంటే నాకు కళ్లు చెమరుస్తున్నాయి.

ఇక దీనికి నేను కడుతున్న మూల్యం కూడా విను. ఫోన్లో నీకు ఇది సరిగ్గా చెప్పలేదు, తప్పు నాదే. ఐరన్, కాల్షియం, విటమిన్ డి, బి12, మల్టీవిటమిన్ బతికున్నంత కాలం వేసుకోవాలి. పేగులో మొదటి భాగాన్ని దాటేసి అన్నం కిందికి పోతుంది కదా, ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టే చోటు అదే. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది, తర్వాత ఆగింది. తీపి సంగతి మరీ బాధ. మా మేనకోడలి పెళ్లిలో ఆత్రేయపురం పూతరేకు ఒకటి మొత్తం తినేశాను. పావుగంటలో చెమటలు, గుండె దడ, కడుపులో మెలిపెట్టే నొప్పి. పెళ్లివారి గదిలో గంటసేపు పడుకోవాల్సి వచ్చింది. దీన్ని డంపింగ్ అంటారు. తీపి ఒక్కసారిగా పేగులోకి జారిపోవడం వల్ల వస్తుంది. ఆ రోజు నుంచి పూతరేకు వాసన చూసి పక్కన పెట్టేస్తున్నాను.

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాను, శ్రద్ధగా చదువు. బైపాస్ తర్వాత నొప్పి బిళ్లలు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి, ముట్టుకోవద్దని నా డిశ్చార్జి కాగితం మీద ఎర్ర సిరాతో రాశారు. సంచిని పేగుతో కుట్టిన చోట పుండు పడుతుంది, రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు. సిగరెట్ కాల్చినా అదే ప్రమాదం. నాకు మోకాళ్ల నొప్పి లేదు కాబట్టి ఆ నియమం నాకు బరువు కాలేదు. నీ సంగతి? మోకాళ్లకు వారానికి నాలుగు రోజులు ఆ బిళ్ల లేకుండా బ్యాంకు మెట్లు ఎక్కలేనని నువ్వే రాశావు. బరువు తగ్గితే నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ అరిగిన కీలు మళ్లీ కొత్తది కాదు. పారాసెటమాల్ ఒక్కదానితోనే మిగిలిన జీవితం గడపగలవా? ఈ ప్రశ్న నిన్ను నువ్వు నిజాయితీగా అడుగు. స్లీవ్ తర్వాత కూడా ఆ బిళ్లలు మంచివి కావు. అయినా అక్కడ పేగుతో కుట్టిన అతుకు లేదు కాబట్టి భయం తక్కువ.

నువ్వు గుడ్డు కూడా ముట్టవు. శాకాహారుల్లో బి12 తక్కువగా ఉండటం మామూలే. కాబట్టి ఏ ఆపరేషనైనా సరే, ముందే రక్తంలో బి12, ఐరన్, విటమిన్ డి చూపించు. స్లీవ్‌లోనూ లోటు వస్తుంది, బైపాస్‌లో ఎక్కువ.

"స్లీవ్‌లో బరువు తక్కువ పోతుందట కదా" అని రాశావు. ఫిన్లాండ్‌లో రెండింటినీ పదేళ్లు గమనించారు. సగటున అదనపు బరువులో స్లీవ్ వాళ్లకు దాదాపు 44 శాతం, బైపాస్ వాళ్లకు 52 శాతం తగ్గింది. తేడా ఉంది. ఇప్పుడు నీ లెక్క వేసి చూద్దాం. 109 కిలోలు, 172 సెంటీమీటర్లు, బీఎంఐ దాదాపు 37. బీఎంఐ 25 అంటే నీ ఎత్తుకు 74 కిలోలు. అదనం 35. అందులో ఎనిమిది శాతం మూడు కిలోలు కూడా కాదు. ఆ మూడు కిలోల కోసం నీ మోకాళ్ల మందును వదులుకుంటావా? నీ షుగరు ఒక్క మాత్రతో అదుపులో ఉంది, పులితేన్పులు కూడా లేవంటున్నావు. నా మనసు నీ విషయంలో స్లీవ్ వైపే మొగ్గుతోంది. పైగా స్లీవ్ చేయించుకున్నాక ఎప్పుడైనా అవసరమైతే దాన్ని బైపాస్‌గా మార్చవచ్చు. తీసేసిన జీర్ణాశయం మాత్రం తిరిగి రాదు, అదీ గుర్తుంచుకో. ఇదంతా ఎండోస్కోపీ శుభ్రంగా వస్తేనే. అదే ఫిన్లాండ్ అధ్యయనంలో స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి అన్నవాహిక వాపు కనిపించింది, బైపాస్‌లో 7 శాతం. అందుకని తర్వాత కూడా అప్పుడప్పుడు లోపల చూపించుకోక తప్పదు.

మీ మేనేజరు గారు చెప్పిన మినీ బైపాస్ గురించి అడిగావు. అందులో రెండు అతుకుల బదులు ఒకటే ఉంటుంది, సమయం తక్కువ పడుతుంది. 1997 నుంచి చేస్తున్నారు. ఫ్రాన్స్‌లో చేసిన పోలికలో రెండేళ్లకు బరువు మామూలు బైపాస్‌తో సమానంగానే తగ్గింది. కానీ విరేచనాలు, పోషకాల లోటు ఎక్కువగా కనిపించాయి. పైత్యరసం సంచిలోకి ఎగదన్నే అవకాశమూ ఉంది. గుడ్డు తినని నీకు, వారానికి నాలుగు బిళ్లలు మింగే నీకు, అది మామూలు బైపాస్ కంటే అనుకూలమని నేను అనుకోవడం లేదు. జీర్ణాశయం చుట్టూ బిగించే బ్యాండు గురించి ఆలోచించకు. జారడం, లోపల ఒరుసుకోవడం, చివరికి తీయించుకోవడం ఎక్కువ కావడంతో దాన్ని ఇప్పుడు చాలా చోట్ల వదిలేశారు. కడుపులో పెట్టే బెలూన్ కొన్ని నెలలకే. తీసేశాక ఆకలి మామూలే.

ఇంజెక్షన్ల మాట ఎత్తావు. 2025లో మన దేశానికి మౌంజారో, వెగోవీ వచ్చాయి, బరువు బాగానే తగ్గిస్తున్నాయి. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది, అంటే ఏళ్ల తరబడి నడవాల్సిన దారి. అదీ ఒక నిజమైన దారే, సర్జన్‌ను కలిసేముందు మీ షుగరు డాక్టరుతో మాట్లాడు. ఆపరేషన్ అంటే నీకు లోపల భయం ఉంటే నా మొహమాటం కోసం ఒప్పుకోకు.

డబ్బు సంగతి. ఆసియా వాసుల శరీరతత్వాన్ని బట్టి బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. మన ఆరోగ్య బీమా పాలసీల్లో లెక్క వేరు. 40 దాటాలి, లేదా 35 దాటి గుండె జబ్బో, అదుపులోకి రాని షుగరో, నిద్రలో తీవ్రంగా శ్వాస ఆగే జబ్బో ఉండాలి. నీకు 37. నీ గురక పక్క గదికి వినిపిస్తుందని, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తావని మీ ఆవిడ లలితతో చెప్పిందట. నిద్ర పరీక్ష చేయించు. బీమా తర్వాత సంగతి, ఆ జబ్బు ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే తెలియాలి. ఆపరేషన్ రోజు నీ ప్రాణానికి అది అవసరం.

తిండి గురించి ఎక్కువ రాయను, ఎదురుగా కూర్చుని చెబుతాను. మొదటి రెండు వారాలు పల్చటి చారు, మజ్జిగ, పెసరకట్టు నీళ్లు, ప్రొటీన్ పొడి. తర్వాత మెత్తగా మెదిపినవి. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ అంటే నీకు పప్పు, పనీరు, పెరుగు, సోయా, ఆ పొడి తప్పవు. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఎడం ఉండాలి. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. అమ్మ ఇప్పటికీ నా కంచంలో నాలుగు ముద్దలు చూసి కళ్లు తుడుచుకుంటుంది. మీ అమ్మగారికి ముందే అన్నీ చెప్పి ఉంచు మూర్తీ. పెద్దవాళ్లకు కంచం నిండుగా ఉండటమే బిడ్డ బాగున్నాడనడానికి గుర్తు.

నువ్వు ఇంకా అడ్వాన్సు కట్టలేదన్న మాట చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఎండోస్కోపీ అయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నాకు చేసిన డాక్టరు గారు వచ్చే నెల రెండో శనివారం చూస్తామన్నారు. నీ పేరు చెప్పి ఉంచాను, నచ్చకపోతే మార్చుదాం. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరుతాను, నువ్వు వరంగల్‌లో ఎక్కు. నీ పాత రిపోర్టులన్నీ, వాడే బిళ్లల ఖాళీ అట్టలతో సహా సంచిలో వేసుకుని రా. బొమ్మలు గీసిన ఆ కాగితం నేను తెస్తాను. పరీక్షకు పరగడుపున ఉండాలి కాబట్టి రైల్లో టీ కూడా తాగకు. నీతో పాటు నేనూ తాగను.

నీ
రాఘవ