బోటు ఇంజిన్‌కి బాటిలా, బ్లోయరా?

చి. చిన్నబాబుకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు, రెండు కొటేషన్లు అందాయి. మీ అమ్మకి బోటు ఫొటోలు మాత్రమే చూపించాను. కొటేషన్ల సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ.

బోటు ఇంజిన్ పవర్ పెంచడానికి నైట్రస్ (బాటిల్ నుంచి ఇంజిన్‌లోకి వదిలే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్) పెట్టించనా, సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి కుక్కే బ్లోయర్) పెట్టించనా అని అడిగావు. డాలరుకి ఎన్ని హార్స్‌పవర్ వస్తాయన్నది నీ లెక్క. ఆ లెక్కలో నైట్రస్‌కి ఎదురులేదు. కిట్ వందల డాలర్లలో దొరుకుతుంది, సూపర్‌ఛార్జర్ వేలల్లోకి పోతుంది. ఓడ ఇంజిన్ రూముల్లో బతికినవాణ్ణి కదా, నేను అడిగేది వేరు. ఆ పవర్ నీకు ఎంతసేపు కావాలి?

కారు హైవే మీద గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఇంజిన్ ఖర్చు పెట్టేది 20, 25 హార్స్‌పవర్. మిగతాదంతా ఊరికే కూర్చుని ఉంటుంది. బోటుకి ఆ సుఖం లేదు. లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్న లారీలాంటిది అది, పైగా దానికి దిగుడు రాదు. నీళ్లు వెనక్కి లాగుతూనే ఉంటాయి, థ్రాటిల్ తగ్గించగానే ఆగిపోతుంది. అందుకే కారులో బాగా పనిచేసింది బోటులోనూ చేస్తుందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకు.

నైట్రస్ దానంతట అది మండదు. బరువులో 36 శాతం ఆక్సిజనే, గాలిలో అయితే 23. ఇంజిన్ సిలిండర్‌లో సుమారు 300 డిగ్రీల వేడికి విడిపోయి ఆ ఆక్సిజన్‌ని వదులుతుంది, దాంతో ఎక్కువ పెట్రోల్ కాల్చుకోవచ్చు. ద్రవంగా వచ్చి ఆవిరవుతుంది కాబట్టి లోపలికి పోయే గాలిని చల్లబరుస్తుంది కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల విమానాల్లో ఇదే వాడారు, పైన పలచటి గాలిలో ఇంజిన్‌కి ఊపిరి అందడానికి. అక్కడా అది అవసరానికి కాసేపు వాడుకునే సరుకే.

10 పౌండ్ల బాటిల్, 100 హార్స్‌పవర్ షాట్ (బటన్ నొక్కినప్పుడు అదనంగా వచ్చే పవర్) అనుకో. రెండు నిమిషాలు అటూ ఇటూగా బాటిల్ ఖాళీ. డ్రాగ్ బోటు వాళ్లకి అది చాలా ఎక్కువ, వాళ్ల పరుగు సెకన్లలో అయిపోతుంది. నువ్వు లేక్ లేనియర్ సరస్సులో శనివారం పొద్దున్న దిగి సాయంత్రం దాకా స్కీయింగ్ లాగేవాడివి. రెండు నిమిషాల తర్వాత ఏం చేస్తావు? నింపించుకోడానికి మళ్లీ ఊళ్లోకి పోవాలి.

ఇంకా పెద్ద గొడవ వేడితో. బాటిల్ పీడనం 900, 950 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఉంటుందనుకుని జెట్‌లు, అంటే గ్యాస్, పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాలు, పెడతారు. జూలై ఎండలో, మూసిన ఇంజిన్ గదిలో బాటిల్ వేడెక్కి పీడనం అంతకంటే పైకి పోతుంది. అప్పుడు గ్యాస్ ఎక్కువ పోతుంది, పెట్రోల్ మాత్రం అంతే. మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గి లీన్ అవుతుంది, నాక్ మొదలవుతుంది, అంటే పెట్రోల్ అదుపు తప్పి పేలినట్టు మండి పిస్టన్‌ని కొడుతుంది. నీ ఇంజిన్‌లో ఉన్నవి ఫోర్జ్‌డ్ (సుత్తిదెబ్బతో గట్టిపరిచిన) పిస్టన్లు కావు, మామూలు పోత పోసినవి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఎగ్జాస్ట్ మోతలో నాక్ నీకు వినపడను కూడా వినపడదు. ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతే గ్యాస్ ఆపేసే స్విచ్, ఫుల్ థ్రాటిల్‌లో తప్ప గ్యాస్ వదలని స్విచ్, 50 హార్స్‌పవర్‌కి రెండు డిగ్రీల చొప్పున స్పార్క్ టైమింగ్ వెనక్కి తియ్యడం, ఇవన్నీ చేయాల్సిందే. నీకొచ్చిన కొటేషన్‌లో వీటిలో ఒక్కటీ లేదు.

పైగా అది కార్ల కిట్. బోటులో పెట్రోల్ ఆవిరి అడుగున బిల్జ్‌లో చేరుతుంది. అందుకే కదా స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బిల్జ్ ఫ్యాన్ తిప్పమంటారు. అక్కడ పెట్టే సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్), రిలే (కరెంటు స్విచ్) అన్నీ స్పార్క్ బయటికి రాని మెరైన్ రకం అయి ఉండాలి. నైట్రస్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే అదీ అక్కడే చేరుతుంది. పెట్రోల్ ఆవిరికి తోడు ఆక్సిజన్ సంచి! ఆ బోటులో నా మనవరాలు కూర్చుంటుంది.

ఇక సూపర్‌ఛార్జర్. దీని గురించి చెప్పమంటే నేను ఆగను, మీ అమ్మని అడుగు. రూట్స్ అన్నదమ్ములు ఇండియానాలో 1860లో పేటెంట్ తీసుకున్న బ్లోయర్ అది, మొదట దానికి ఇంజిన్లతో సంబంధం లేదు. తర్వాత జనరల్ మోటార్స్ టూ-స్ట్రోక్ డీజిళ్లలో స్కావెంజ్ గాలి, అంటే సిలిండర్‌లోని కాలిన పొగని బయటికి నెట్టే గాలి, తోయడానికి వచ్చింది. ఆ డీజిళ్లలో 6-71 అనేది ఒకటి, ఆ పేరుకి అర్థం ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు. దాన్నే గ్రే మెరైన్ వాళ్లు బోట్లకి మార్చారు. 225 హార్స్‌పవర్ వచ్చే ఆ డీజిళ్లే యుద్ధంలో సైనికుల్ని ఒడ్డుకి దించిన హిగ్గిన్స్ బోట్లని నడిపాయి. తర్వాత హాట్‌రాడ్ కుర్రాళ్లు, అంటే కార్లకి పవర్ పెంచుకుని పరుగులు పెట్టేవాళ్లు, అవే బ్లోయర్లు పీకి తమ వీ8ల (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ల) మీద కూర్చోబెట్టారు.

నీ 5.7 లీటర్ల ఇంజిన్‌కి 5 పీఎస్ఐ బూస్ట్ (అదనపు గాలి పీడనం) అంటే, బయటి గాలి 14.7 కాబట్టి, కాగితం మీద మూడోవంతు ఎక్కువ గాలి. బెల్ట్ లాక్కునే పవర్, గాలి వేడెక్కడం తీసేస్తే పాతిక శాతం మిగిలిందనుకో. అది ట్యాంకులో పెట్రోల్ ఉన్నంతసేపూ ఉంటుంది. రకం మాత్రం చూసి తీసుకోవాలి. సెంట్రిఫ్యూగల్ (ఫ్యాన్‌లా గిర్రున తిరిగి గాలి విసిరే రకం) అయితే పై ఆర్‌పీఎంలోనే ఊపు, రూట్స్ గానీ స్క్రూ గానీ అయితే కిందనుంచే. బోటు ముక్కు దించి ప్లేన్ మీదికి, అంటే నీళ్ల పైన జారుతూ పోయే స్థితికి, రావడానికి కావాల్సింది తక్కువ ఆర్‌పీఎంలో తిప్పే బలం, కింది టార్కే. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి కావాల్సిన చల్లనీళ్లు చెరువు నిండా ఉన్నాయి, అదీ మంచినీళ్లు, ఉప్పు బాధ లేదు. కారువాడికి ఈ వరం లేదు.

కానీ ఏది పెట్టినా ఫలితం ఎంతో చూడు. ప్లేన్ మీద పోయే బోటు వేగం పవర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 300 హార్స్‌పవర్‌ని 400 చేస్తే గంటకి 50 మైళ్లది 58 దాకా వస్తుంది, అంతే. అదే ప్రొపెల్లర్‌తో నిమిషానికి 4800 చుట్లు తిరిగే ఇంజిన్ 5500కి పోతుంది, అది నీ ఇంజిన్ హద్దు దాటడమే. ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక్క చుట్టుకి అది ముందుకి పోయే దూరం, పెంచాలి. సూపర్‌ఛార్జర్‌కి తగ్గ పిచ్ పెట్టుకుంటే ఎప్పుడూ సరిపోతుంది. నైట్రస్‌కి తగ్గది పెడితే బటన్ నొక్కని మిగతా రోజంతా ఇంజిన్ ఈడ్చుకుంటూ పోవాలి. ఇక ఇంజిన్ పవర్‌ని ప్రొపెల్లర్‌కి చేర్చే నీ ఆల్ఫా డ్రైవ్‌ని చేసిందే 300 హార్స్‌పవర్ దరిదాపులకి. అలల మీద ప్రొపెల్లర్ గాల్లోకి లేచి మళ్లీ నీళ్లు పట్టుకున్నప్పుడు దెబ్బంతా ఆ గేర్ల మీదే పడుతుంది. నైట్రస్ ఒక్కసారిగా తన్నితే ఇంకా ఘోరం.

బోటు ఇంజిన్లు చేసే మెర్క్యురీ వాళ్లనే చూడు. 2004లో వెరాడో ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజిన్) తెచ్చినప్పుడు 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి సూపర్‌ఛార్జర్ తగిలించారు. 2018లో అదే 300 హార్స్‌పవర్‌కి 4.6 లీటర్ల వీ8 తెచ్చి సూపర్‌ఛార్జర్ తీసేశారు. మరుసటి ఏడు రేసింగ్ వాళ్లకి 450 కావాల్సి వచ్చినప్పుడే ఆ వీ8 మీద మళ్లీ పెట్టారు. పెద్ద ఇంజిన్ పెట్టే వీలుంటే ముందు అదే చెయ్యాలని నా అభిప్రాయం కూడా.

కాబట్టి నైట్రస్ వద్దు. సూపర్‌ఛార్జర్ కావాలంటే డ్రైవ్ కూడా మార్చే డబ్బు చేతిలో ఉన్నప్పుడు, 5 పీఎస్ఐ దాటకుండా, ఇంటర్‌కూలర్‌తో. ఈ సీజన్‌కి మాత్రం ప్రొపెల్లర్ సంగతి చూద్దాం. స్కీయర్‌ని లేపడానికి బోటు నీలుగుతోంది అన్నావు, అది పిచ్ ఎక్కువై ఉండొచ్చు. ఒక అంగుళం తగ్గిస్తే 150, 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఖర్చు కూడా బాటిల్ కిట్‌కంటే ఎక్కువ కాదు.

ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి ఎంత పీడనానికి నొక్కుకుంటోందో) విడివిడిగా తీయించు. ఇద్దరు మనుషులు, సగం ట్యాంకుతో ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం వస్తోందో రాసుకో. ప్రొపెల్లర్ మీద కొట్టిన నంబర్ ఫొటో తీసి పంపు. ఆదివారం మీ పొద్దున్న వీడియో కాల్ చేసి, ఇంజిన్ మూత తీసి చూపించు. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

కోడలికి, బుజ్జిదానికి మా ఆశీస్సులు.

ప్రేమతో,
నాన్న
కాకినాడ