తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులకు: వేసవిలో వ్యాపార పాఠాల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, మంచినీళ్ల ట్యాంకు మరమ్మతు, కొత్త యూనిఫాం సంగతి లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం వేసవి శిక్షణ గురించే. పోయిన ఏడాది దీన్ని మొదలుపెట్టినప్పుడు మీలో చాలామంది అడిగిన మాట ఒకటే: "మేడం, చదువుకోమని పంపితే పిల్లలతో అప్పడాలు అమ్మిస్తారా?" అవును, అమ్మించాం. ఈ ఏడు కూడా అమ్మిస్తాం. ఎందుకో చెప్తాను.

ముందు వివరాలు. మే మొదటి సోమవారం నుంచి మూడు వారాలు, పొద్దున్న ఆరున్నర నుంచి పది వరకు. ఎండ ముదిరేలోగా పిల్లలు ఇంటికొచ్చేస్తారు. ఫీజు లేదు. ఈ ఏడు ఒక్కొక్కరు వంద రూపాయలు తేవాలి. అది ఖర్చు కాదు, వాటా. లాభమొస్తే లాభంతో కలిపి, నష్టమొస్తే మిగిలినంత, ఆఖరి రోజున చేతికొస్తుంది. వంద కూడా కష్టమైతే క్లాస్ టీచర్ చెవిన వేయండి, మూడో కంటికి తెలియకుండా సర్దుతాం. వందకు మించి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. అమెరికాలో 1919లో మొదలైన జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థ పిల్లల చేత చిన్న కంపెనీ పెట్టించి, వాటాలు అమ్మించి, సరుకు తయారు చేయించి, చివరికి ఆ కంపెనీని మూయించి లెక్క తేల్పించేది. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ పేరుతో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయల దాకా పెట్టుబడి ఇచ్చింది. అంత డబ్బు మన దగ్గర లేదు. ఉన్నా నేను ఇవ్వను. చేతిలో డబ్బు ఎక్కువుంటే పిల్లలు సరుకు కంటే ముందు బ్యానరూ టీషర్టులూ కొంటారు. అమెరికా వాళ్ల పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఆ మూయించడమే. కొట్టు తెరవడం ఎవరైనా తెరుస్తారు. మూసేటప్పుడు ఎవరి వాటా ఎంతో మాట పడకుండా పంచుకోవడం ఎంత కష్టమో, అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లు చూసిన ఒడిశాలోని మన బరంపురం వాళ్లకి నేను చెప్పాలా?

పెద్ద ఊళ్లలో ఇలాంటి వేసవి క్యాంపులకి వేలల్లో ఫీజు కట్టించుకుని, వారం తిరక్కుండా పిల్లవాడి చేతిలో 'యువ సీఈఓ' అని సర్టిఫికెట్ పెడతారు. మన దగ్గర సర్టిఫికెట్ లేదు. పిల్లలు తమ చేత్తో రాసుకున్న చిట్టా పుస్తకం ఇంటికొస్తుంది, అంతే. దయచేసి దాన్ని పాత పేపర్లలో వేసెయ్యకండి.

ఇక అప్పడాల సంగతి. పోయిన ఏడాది ఐదుగురు ఆడపిల్లల జట్టు మినప అప్పడాలు ఎంచుకుంది. మన ఊళ్లో అప్పడం, వడియం, ఊరగాయ అమ్మి ఇల్లు నడిపినవాళ్లు వీధికొకరున్నారు కాబట్టి ఆశ్చర్యమేం లేదు. మినప్పప్పు, మిరియాలు, ఇంగువ, అప్పడాల ఖారం (మిరపకారం కాదు, సోడా లాంటిది), నూనె, కవర్లు అన్నీ కలిపి 1,500 రూపాయలు. అరవై ప్యాకెట్లు అయ్యాయి. ప్యాకెట్ నలభై చొప్పున రెండు రోజుల్లో అన్నీ అమ్ముడైపోయాయి. వచ్చింది 2,400. లాభం 900 అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టి, ఐస్‌క్రీం ఎవరికి ఏది కావాలో కూడా అనుకున్నారు.

పక్క జట్టు కుర్రాడు ఒకడు లేచి, "మరి ఒత్తిందెవరు?" అన్నాడు. వాడికి కాస్త ఈర్ష్య ఉంది, నిజమే. అయినా ప్రశ్న మంచిది. ఒత్తింది నలుగురి అమ్మలు, రెండేసి మధ్యాహ్నాలు కూర్చుని. "వాళ్ల కూలి ఏది?" అని నేను అడిగాను. "అమ్మకి కూలేంటి మేడం, అమ్మ కదా!" అంది జట్టులో ఒకమ్మాయి. సరే, మీ అమ్మ కాకుండా పక్కింటావిడ ఒత్తితే ఎంతిస్తారు అంటే, బేరాలాడి బేరాలాడి పూటకి 150కి ఒప్పుకున్నారు. ఎనిమిది పూటలకి 1,200. బోర్డు మీద లాభం 900 కాస్తా నష్టం 300 అయింది.

ఆ రోజు తర్వాత పాఠం నేను చెప్పక్కర్లేకపోయింది. ధర పెంచితే కొనరని ఒకరు, ప్యాకెట్లో నాలుగు అప్పడాలు తగ్గిద్దామని ఒకరు. తగ్గిస్తే తూకం చూసుకునే అత్తలు ఊరుకోరని ఇంకొకరు. చివరికి తూకం తగ్గించకుండా ధర యాభై చేసి, సరుకే తక్కువ చేశారు: నలభై ఐదు ప్యాకెట్లు. సరుక్కి 1,125, అమ్మల కూలి 900, చేతికొచ్చింది 2,250. మిగిలింది 225, తలా నలభై ఐదు రూపాయలు. ఐస్‌క్రీంకి అదీ సరిపోయింది. కూలి డబ్బు తీసుకున్న అమ్మల్లో ఒకావిడ ఆ కవరు చూపిస్తూ, "ఇరవై ఏళ్లుగా ఒత్తుతున్నాను, ఇప్పుడే చూస్తున్నాను మేడం" అని నవ్వారు.

ఈ ఉత్తరంలో మిమ్మల్ని అడగాలనుకున్న అసలు విషయం ఇక్కడుంది. మొదటి వారంలో పిల్లలు ఇంటికొచ్చి లెక్కలు అడుగుతారు. కరెంటు బిల్లెంత, కొట్టు అద్దెంత, నెలలో ఏ రోజున గల్లాపెట్టె ఖాళీ అవుతుంది, ఎవరికి బాకీ ఉన్నాం, ఎవరు మనకి బాకీ. "నీకెందుకురా ఇవన్నీ, పోయి చదువుకో" అని కసరకండి. అన్నీ చెప్పక్కర్లేదు. అప్పుల సంగతి చెప్పడం మీకిష్టం లేకపోతే మానేయండి. ఏదో ఒక్క లెక్క మాత్రం నిజంగా చెప్పండి: ఇంట్లో నెలకి ఎన్ని కిలోల బియ్యం, ఎంత నూనె, ఎంత ఖరీదు అన్నదైనా సరే. పదో తరగతిలో వడ్డీ లెక్క తడుముకోకుండా చేసే పిల్లలు ఇంట్లో గ్యాస్ బండ ఎన్ని రోజులొస్తుందో చెప్పలేకపోతున్నారు. తప్పు పిల్లలది కాదు, వాళ్ల ముందు మనం డబ్బు మాట ఎత్తం.

రెండో వారంలో ఒక నేతవారి ఇంటికి తీసుకెళ్తాం. బరంపురం పట్టుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) ఉంది, గుడి గోపురాల వరసలాంటి కుంభం అంచు చీరన్నా మగవాళ్లు కట్టే జోడన్నా పేరుంది. ఆంధ్రలోని ఇచ్ఛాపురం అవతలి నుంచి కూడా పెళ్లి బట్టలకి ఇక్కడికొస్తారు. పిల్లలకి ఆ పేరు గురించి వ్యాసం రాయడం వచ్చు. కొట్లో చీర మీద ఉన్న ధరలో నూలు ఖరీదెంత, రంగెంత, మజూరీ ఎంత, మధ్యవాళ్లదెంత అని మగ్గం పక్కన కూర్చుని అడగడం రాదు. అడిగి రాసుకొస్తారు. ఆ వీధుల్లో మీ చుట్టాలుంటే ముందుగా చెప్పి ఉంచండి, పిల్లలు అడిగితే విసుక్కోకుండా నాలుగు మాటలు చెప్పమని.

నాయకత్వం అన్న మాటకి పిల్లల మనసులో మైకు మెదులుతుంది. వి.వి. గిరి గారు పుట్టిన ఊరని ప్రతి ఆగస్టు 15న మనమే చెప్తాం. 1969లో రాష్ట్రపతి అయిన ఫోటో గోడ మీద ఉంది. 1928లో ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపిన సంగతి ఎవరూ చెప్పరు. పనిలోంచి తీసేసిన మనుషుల గోడు ఒక్కొక్కరిదీ వినకుండా అది నడుస్తుందా? అంత దూరం ఎందుకు, రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే మన ఠాకురాణి జాతర చూడండి. నేతవారి పెద్ద అయిన దేశిబెహరా అమ్మవారిని ఆడపడుచులా పుట్టింటికి పిలుస్తారు, నెల పొడవునా రాత్రిళ్లు ఘటాలు వీధులు తిరుగుతాయి. వెనక ఎన్ని కుటుంబాలు, ఎన్ని పనులు, ఎన్ని అలకలు! అన్నిటినీ సర్దుకొచ్చే పెద్దలు మైకు పట్టుకోగా నేనైతే చూడలేదు.

అందుకే మన జట్లలో శాశ్వత నాయకులుండరు. మూడు రోజులకొకరు మారతారు. ఆ మూడు రోజులూ ముందుగా రావాలి, ఆఖరున కొట్టు కట్టాలి, చిట్టా రాసి జమ, ఖర్చు, నిల్వ చదివి వినిపించాలి. జట్టులో గొడవైతే నాయకుడే తీర్చాలి, టీచర్ దగ్గరికి రాకూడదు. పోయిన ఏడాది మేం గమనించిందొకటి: ఎవరూ చెప్పకుండానే మగపిల్లలు ముందు నిలబడి గిరాకీ పిలవడం, ఆడపిల్లలు వెనక కూర్చుని లెక్క రాయడం మొదలైపోయింది. ఈసారి మొదటి రోజే తిరగేస్తున్నాం. "మా అమ్మాయి పదిమందిలో అరవలేదు మేడం" అని ఎవరైనా చెప్పడానికొస్తే, అరవక్కర్లేదు, మాట్లాడితే చాలు అని ఇప్పుడే చెప్తున్నాను.

అమ్మకం రెండు భాషల్లో. "కేతే?" (ఎంత?) అని అడిగినవారికి ఒడియాలోనే జవాబు రావాలి, తెలుగులో అడిగితే తెలుగులో. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా అలవాటైన మన పిల్లలకి ఇది పుట్టుకతో వచ్చిన పెట్టుబడి. అయినా కొత్తవాళ్ల ముందు సగంమందికి టెన్షన్‌తో ఏ భాషా రాదు. వద్దని వెళ్లిపోయిన గిరాకీని మొహం మాడ్చుకోకుండా సాగనంపడం నాలుగు రోజుల అమ్మకంలో రెండో రోజుకి అలవాటవుతుంది.

డబ్బు దగ్గర రెండు నియమాలు పెట్టాం, రెండూ పెద్దల వల్లే. ఒకటి, అరువు లేదు. పోయిన ఏడాది నిమ్మ షర్బత్ జట్టు లాభమంతా ఒక మేనమామ, ఇద్దరు పిన్నుల ఖాతాలో ఉండిపోయింది. "తర్వాతిస్తాలేరా" అన్న ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. ఆ మేనమామ ఈ వార్తాలేఖ చదువుతారని నాకు తెలుసు. రెండు, నగదే, ఫోన్‌లో కట్టడం లేదు. నాన్న ఫోన్ క్యూఆర్ పెట్టి అమ్మితే ఆ డబ్బు ఇంటి డబ్బులో కలిసిపోయి, సాయంత్రానికి దాంతో రీచార్జి కూడా అయిపోయింది. వ్యాపారం డబ్బు, ఇంటి డబ్బు వేరుగా ఉండాలని ఏ పాఠమూ అంత బాగా చెప్పలేదు కానీ, మళ్లీ వద్దు. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరునే సేవింగ్స్ ఖాతా తెరుచుకోవచ్చు, బ్యాంకులో అడగండి. వచ్చిన లాభం అందులో వేయించండి.

చట్టం మాట కూడా చెప్పాలి, ఒకరిద్దరు అడిగారు. పిల్లలు ఎవరి కొట్లోనూ పనికి కుదరరు. చూడటం, అడగటం, రాసుకోవటం, అంతే. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక పద్నాలుగేళ్లలోపు వాళ్లని పనిలో పెట్టుకోవడం పూర్తిగా నిషేధం. బడి అయ్యాక సొంత కుటుంబ వ్యాపారంలో చేయి వేయడానికి కొంత సడలింపుంది, అదీ ప్రమాదం లేని పనైతే. పద్దెనిమిది నిండనివారు చేసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. అందుకని ఆర్డర్ ఏదైనా టీచర్ సంతకంతోనే. తినే వస్తువులు బడి ఆవరణలో, మన తల్లిదండ్రులకే అమ్ముతాం. బజార్లో పెట్టాలంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ప్యాకెట్ మీద తూకం, ధర, తయారైన నెల, చేసినవారి చిరునామా ఎందుకు ఉండాలో పిల్లలు కొట్లో కొన్న ప్యాకెట్లు విప్పి నేర్చుకుంటారు. బిస్కెట్లు ముందు ఖాళీ అవుతాయనుకోండి.

పదో తరగతి కోచింగ్ దెబ్బతింటుందని భయపడేవారికి: పదింటికల్లా వదిలేస్తాం, సాయంత్రం మీదే. అయినా మనసొప్పకపోతే పంపకండి. నిర్బంధం లేదు, పంపని పిల్లలకి మార్కుల్లో తేడా ఉండదు. బలవంతాన వచ్చిన పిల్లవాడు జట్టుకి బరువు.

సూరత్‌లో పనిలో ఉన్న నాన్నలు కాగితం మీద సంతకం పెట్టడానికి రాలేరు. వాట్సాప్‌లో మాట రూపంలో ఒప్పుకోలు పంపినా చాలు. ఆ నాన్నలకి ఒక విన్నపం: వారానికొకసారి ఫోన్‌లో మీ పనిచోటు సంగతులు పిల్లలకి చెప్పండి. మరమగ్గానికి కూలి మీటరు లెక్కనా, రోజు లెక్కనా, గది అద్దె ఎంతమంది పంచుకుంటారు, ఇంటికి పంపేది పోగా ఎంత మిగులుతుంది. మేం క్లాసులో చెప్పలేని పాఠం అది.

ఒప్పుకోలు చీటీ ఈ లేఖ చివరి పేజీలో ఉంది. ఏప్రిల్ ఆఖరు శనివారంలోగా క్లాస్ టీచర్‌కి చేర్చండి. పిల్లలతో నీళ్ల సీసా, టోపీ లేదా గొడుగు, గీతలున్న నోటుబుక్ ఒకటి పంపండి. ఆఖరి నాలుగు రోజులు అమ్మకం పొద్దున్న ఏడున్నర నుంచి. చివరి రోజు తొమ్మిదింటికి జట్లు తమ చిట్టాలు చదువుతాయి, మీరందరూ రావాలి. ఒక్కొక్క జట్టు దగ్గర ఒక్కొక్కటే కొనండి. మీ పిల్లల బల్ల మీద ఉన్నదంతా మీరే కొనేస్తే వాళ్లకి అమ్మే పని ఉండదు. వచ్చేటప్పుడు పది, ఇరవై నోట్లు తెచ్చుకోండి, ఐదువందలకి చిల్లర పిల్లల దగ్గర దొరకదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని