మా నాయనమ్మను మళ్లీ నిలబెట్టినవాళ్లకు

అందరికీ రాంరాం.

మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం, మెస్రం వంశం. మా దండారి పండుగ ముగిసిన నాలుగో రోజు నాయనమ్మ ఇంటి గడప దాటుతూ పడింది. తుంటి ఎముక విరిగింది. నులకమంచం మీద రోడ్డు దాకా మోసిన తమ్ముళ్లకు, రక్తం ఇచ్చి పేరు కూడా చెప్పకుండా పోయిన ఆదిలాబాద్ ఆటో అన్నకు మొక్కుతున్నా.

నాయనమ్మకు గోండి తప్ప రాదు. మొదట తీసుకుపోయిన చోట "తెలుగు వచ్చినోళ్లను పిలువుండ్రి" అని కసిరారు. ఆమె నోరు మూసుకుంది. దప్పికైనా నీళ్లు అడగలేదు. ఆపరేషన్ అయిన దవాఖానలో రాత్రి డ్యూటీ సిస్టరమ్మ "నీళ్లను మీ భాషల ఏమంటరు?" అని నన్నడిగి, 'ఏర్' అని మందుల డబ్బా అట్ట మీద రాసుకుంది. మంచం మీదికి వంగి "ఏర్?" అన్నది. నాయనమ్మ తల తిప్పి చూసి, గ్లాసెడు నీళ్లు తాగింది. తెల్లారేసరికి ఆ అట్ట నిండా మా మాటలే.

ఇంటికొచ్చాక చూసుకున్నది మా పెద్దమ్మలు, చిన్నమ్మలు, వదినలు. కెస్లాపూర్‌లో మా వంశ దేవుడు నాగోబా జాతరప్పుడు మా 22 కితల (వంశంలోని శాఖల) వాళ్లం 22 పొయ్యిల మీద వంతులవారీగా వండుకుంటాం. అదే లెక్కన ఏడిళ్లవాళ్లు వంతులేసుకున్నారు. ఎవరి వంతు తప్పకుండా గోడ మీద బొగ్గుతో గీతలు గీశారు. ఒకరు గటక తినిపిస్తే ఇంకొకరు పట్టుకొని నడిపించేవాళ్లు. నేను హన్మకొండలో కొలువు చేసుకుంటూ ఫోన్‌లో అడగడమే తప్ప చేసిందేమీ లేదు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. సున్నం వెయ్యనివ్వను.

కానీ ఆమెను లేపింది మందులొక్కటే కాదని నా నమ్మకం. ఈసారి మా తమ్ముడి భార్యకు నాగోబా దగ్గర భేటింగ్. అది అయితేనే కోడలు మా వంశంలో కలిసినట్టు. "పిల్లను పెద్దల ముందు పెట్టేది నేనే" అని నాయనమ్మ రోజూ పది అడుగులు ఎక్కువ వేసింది. పుష్య అమావాస్య తర్వాత, తెల్లచీర కట్టుకున్న కోడలి భుజం పట్టుకొని నిలబడింది. ఎవరి బిడ్డో, ఏ ఊరో పెద్దలకు తనే చెప్పింది.

సిస్టరమ్మా, మీ పేరు నాయనమ్మ నోటికి తిరగదు. "ఏర్ పిల్ల ఎప్పుడొస్తది?" అని అడుగుతోంది. ఒక్కసారి మా ఇంటికి రండి. గటక వండి పెడతాం.