మధ్యాహ్నం తాళం వేసే లైబ్రరీలో బొంత పరుచుకోనివ్వండి

సంపాదకుల వారికి,

శాఖా గ్రంథాలయాలకు జనం రావడం లేదని ఈమధ్య మీ జిల్లా పేజీలో వార్త వేశారు. పాఠకులు తగ్గిన మాట నిజమే. కానీ చాలా ఊళ్ళలో ఆ తలుపులు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తీస్తారు. మధ్యాహ్నమంతా తాళమే. సరిగ్గా ఆ వేళకే మా వీధుల్లో ఆడవాళ్ళకు కాస్త తీరిక దొరుకుతుంది. ఖాళీగా ఉండే ఆ గదిని వారానికొక మధ్యాహ్నం బొంతలు కుట్టుకునేవాళ్ళకు ఇమ్మని అడగడానికే ఈ ఉత్తరం.

నవ్వకండి. బొంతకు పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, మిషను అసలే అక్కర్లేదు. కావలసింది నేల. పాత నూలు చీరలు, చిరిగిన పంచెలు, దుప్పటి ముక్కలు పొరలు పొరలుగా పరిచి, ముడత పడకుండా నలుగురు నాలుగు మూలలా లాగి పట్టుకుంటే ముందు పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. అసలు కుట్టు ఆ తర్వాతే. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. ఒక్కరే కూర్చుంటే ఈ మూల సర్దేలోపు ఆ మూల జారిపోతుంది. అందుకే బొంత ఎప్పుడూ నలుగురు కలిసి చేసే పనే. ఒకప్పుడు అరుగుల మీదో, గుడి మండపంలోనో కానిచ్చేవారు. అరుగులు రోడ్డు వెడల్పులో పోయాయి. కొత్త ఇళ్ళలో మంచం వేస్తే మనిషి తిరిగే చోటుండదు. మేడ మీద కుడదామంటే ఆదోని ఎండ సంగతి మీకు తెలియంది కాదు.

ప్రస్తుతం మేం కొందరం మా ఇంటి వసారాలో కూర్చుంటున్నాం. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి మెట్ల మీదే. అయినా అక్కడ తయారైన బొంతలు చూస్తే మీ ఫొటోగ్రాఫర్ ఊరుకోడు. ఒకామె పిల్లల స్కూలు యూనిఫాం గుడ్డలన్నీ దాచి, గళ్ళ చొక్కాలూ నీలం నిక్కర్లూ మార్చి మార్చి అతికి పెద్ద బొంత చేసింది. ఏ ముక్క ఏ తరగతిదో వేలు పెట్టి చెబుతుంది. ఇంకొక అవ్వ బాలింతల ఇళ్ళకు చిన్న బొంతలు కుట్టిస్తుంది. పైన, కింద మెత్తబడిన పంచె గుడ్డ తప్ప మరేదీ వాడదు, ముడి లోపలి పొరలో పడాల్సిందే, పసివాడి ఒంటికి గుచ్చుకుంటుందని. కుట్టు మధ్యలో వంకర పోతే నిర్దాక్షిణ్యంగా విప్పిస్తుంది కూడా. మాలో కొందరికి ఆవిడంటే టెన్షన్. మిరప కోతలకి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోయే కుటుంబాల మూటల్లో నేటికీ బొంత ఉంటుంది. పొలం గట్టున కింద పరుచుకోవడానికి అదే, పైన కప్పుకోవడానికీ అదే.

గుడ్డకే ఇప్పుడు కరువొచ్చింది. సింథటిక్ చీర సూది కింద జారుతుంది, చెమట పీల్చదు. నూలు చీరలేమో స్టీలు గిన్నెల వాళ్ళ మూటలోకి పోతున్నాయి. ఆరు చీరలకు ఒక టిఫిన్ డబ్బా! పత్తి యార్డుకు పేరుపడ్డ ఊళ్ళో ఉండి మేం నూలు గుడ్డ కోసం వెతుక్కుంటున్నాం. గుంపు ఒకచోట కూర్చుంటే ఈ చిక్కు కూడా కొంత విడుతుంది, ఎవరింట్లో ఏముందో తెలుస్తుంది, మార్చుకుంటారు.

దీన్ని పనికిమాలిన కాలక్షేపం అనేవాళ్ళకు రెండు సంగతులు. బీహార్‌లో ఇలాంటి పొరల కుట్టునే సుజనీ అంటారు. ముజఫర్‌పూర్ జిల్లా భుస్రా గ్రామపు నిర్మలా దేవి గారికి ఆ పనికే 2025లో పద్మశ్రీ వచ్చింది. ఇక అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నల్లజాతి మహిళలు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకుని, 1969లో సొంత కుట్టు కేంద్రం కట్టుకున్నారు. ఆ చుట్టుపక్కలదే అయిన జీస్ బెండ్ ఊరి బొంతలు 2002లో న్యూయార్క్ మ్యూజియం గోడకెక్కాయి, 2006లో వాళ్ళ పోస్టల్ స్టాంపుల మీదికీ వచ్చాయి. మ్యూజియం మాట అలా ఉంచితే, వాళ్ళు ముందు గది కట్టుకున్నారన్నదే నాకు నచ్చింది. మన దగ్గర 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, బుట్టలూ చాపలూ అల్లేవాళ్ళున్నారు, చేపల వలలు అల్లేవాళ్ళున్నారు. బొంత కుట్టేవాళ్ళు లేరు. చేరిస్తే సంతోషం. కానీ దానికి ఢిల్లీ కదలాలి, తాళంచెవికి జిల్లా గ్రంథాలయ సంస్థ కదిలితే చాలు.

లైబ్రరీ పుస్తకాల కోసం కదా, గుడ్డల కోసమా అని అడుగుతారని తెలుసు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పుస్తకం విలువ నాకొకరు చెప్పనక్కర్లేదు. మా వసారాలో కూర్చునే వాళ్ళలో సగం మందికి చదవడం రాదు. కాబట్టి ఒకరు పేపరు పైకి చదువుతారు, మిగతావాళ్ళు కుడుతూ వింటారు. మీ పత్రికలో పింఛన్ల వార్త నుంచి హత్య కేసు దాకా ఒక్కటీ వదలరు, కథైతే మళ్ళీ చదివించుకుంటారు. ఇంతమంది శ్రోతలు ఏ పఠన మందిరంలో ఉన్నారో చెప్పండి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిప్పారు, జనం ఎక్కడుంటే అక్కడికి. ఇక్కడ పడవ కూడా అవసరం లేదు, జనమే వస్తామంటున్నారు.

పైగా అది మా డబ్బుతో నడిచే గదే. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్ళూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆ సొమ్ము మున్సిపాలిటీల నుంచీ పంచాయతీల నుంచీ గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదన్నది మీరే ఎన్నోసార్లు రాశారు. అది వేరే గొడవ, దాన్ని మీరు వదలకండి.

లైబ్రేరియన్‌కు అదనపు డ్యూటీ వేయమని అడగడం లేదు. పొద్దునా సాయంత్రం రెండు పూటలా వచ్చే మనిషిని మధ్యాహ్నం కూడా రమ్మంటే అన్యాయం. డ్వాక్రా సంఘాలు లక్షల అప్పులు తీసుకుని పైసాతో సహా తీరుస్తున్నాయి, ఒక గది తాళంచెవి వాళ్ళకు బరువు కాదు. తీర్మానం పుస్తకంలో రాసి, ఇద్దరి సంతకం పెట్టించుకుని ఇవ్వవచ్చు. బల్లలు ఒక పక్కకు జరుపుకుంటాం, సాయంత్రం తెరిచేలోపు ఊడ్చి మళ్ళీ వేస్తాం. రాలిన సూదుల భయం న్యాయమైనదే. మొదట లెక్కపెట్టి తీసి, చివర లెక్కపెట్టి డబ్బాలో వేయడం మా అవ్వ ఇప్పటికే అలవాటు చేసింది.

జిల్లా గ్రంథాలయ సంస్థ వారు ముందు ఒక్క శాఖలో, చలికాలం ముగిసేదాకా ఒప్పుకున్నా చాలు. ఇబ్బంది అనిపిస్తే ఆపేయమనండి. దరఖాస్తు ఎవరి పేర రాయాలో మీ పత్రిక ద్వారా తెలియజేస్తే ఈ వారమే ఇస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ఆదోని