హాల్లో టీవీకి గేమింగ్ పీసీయా, కన్సోలా? మా కొట్టు లెక్క ఇదీ

విశాఖ డాబాగార్డెన్స్‌లోని మా కొట్టుకి వచ్చేవాళ్ళు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది: "హాల్లో టీవీకి పీసీ కట్టించుకోమంటారా, ప్లేస్టేషన్ కొనమంటారా?" కౌంటర్ దగ్గర ఏం చెప్పినా అమ్ముకోవడానికే అనిపిస్తుంది. అందుకే మా లాభం సంగతి ముందే చెప్పేస్తున్నాను. సీలు తీయని కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి, టీవీకి తగిలించి గేములాడే మెషీన్) మీద మాకు మిగిలేది చాలా తక్కువ. పీసీ మీద విడిభాగాలు, అసెంబ్లింగ్, సర్వీసు కలిపి బాగానే మిగులుతుంది. అయినా చెబుతున్నా, సోఫాలో కూర్చుని ఆడుకోవడం ఒక్కటే పనైతే కన్సోలే తీసుకోండి.

సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) డిస్క్ మోడల్, అంటే గేమ్ డిస్కు పెట్టుకునే డ్రైవ్ ఉన్నది, 2021 ఫిబ్రవరిలో మన దేశంలో 49,990 రూపాయలకి వచ్చింది. తర్వాత రేటు పెరిగింది. పెరిగిన రేటుకైనా, 4కే టీవీ మీద దానికి దీటుగా ఆడే కొత్త పీసీ నేను కట్టలేను. కన్సోల్ కంపెనీలు మెషీన్ మీద లాభం పెద్దగా చూసుకోవు, గేముల మీద రాబట్టుకుంటాయి. మాకు ఆ వెసులుబాటు లేదు. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి పీసీలో వేసే ర్యామ్ (మెమరీ) రేట్లు మండిపోతున్నాయి. కాబట్టి ఇకమీదట మా పీసీ కొటేషన్ ఆ రోజుకే చెల్లుతుంది. మర్నాడు వస్తే మళ్ళీ లెక్క కడతాం. దయచేసి వాట్సాప్‌లో పాత రేటు చూపించి గొడవ పడొద్దు.

అలాగని కన్సోల్‌తో ఖర్చు అక్కడితో ఆగదు. పెద్ద గేమ్ కొత్తగా వస్తే 4,999 అంతకు పైనే. డబ్బిచ్చి కొన్న గేమ్‌ని స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే సాధారణంగా ప్లేస్టేషన్ ప్లస్ అనే సోనీ చందా కట్టాలి. పీసీలో ఆ బాదుడు లేదు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం సేల్‌లో పాత గేములు చవగ్గా దొరుకుతాయి. ఓపిక ఉంటే సోనీ గేములు కూడా కొన్ని అక్కడికి వస్తాయి. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ పీసీకి 2022 జనవరిలో వచ్చింది. కన్సోల్ కొనేవాళ్ళు డిస్క్ మోడలే అడగండి. ఆడేశాక డిస్క్ అమ్ముకోవచ్చు, డౌన్‌లోడ్ చేసిన గేమ్‌ని అమ్ముకోలేరు.

ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నా, వీడియో ఎడిటింగ్ ఉన్నా అప్పుడు పీసీ మాట్లాడదాం. మానిటర్ కూడా తీసుకోండి, సీరియల్ టైములో టీవీ మీ చేతికి రాదు. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లవాళ్ళకి ఇంకో మాట: ఉప్పుగాలికి పోర్టులు, స్క్రూలు తుప్పు పడతాయి. పీసీలో పోయిన భాగం ఒక్కటే మార్చేస్తాం. కన్సోల్ రిపేరు అంత తేలిక కాదు. ఏది కొన్నా బాల్కనీ తలుపు పక్కన పెట్టకండి.

స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2025 నవంబరులో ప్రకటించిన స్టీమ్ మెషీన్ (టీవీకి తగిలించే చిన్న గేమింగ్ పీసీ) గురించీ అడుగుతున్నారు. 2015లో ఆ పేరుతోనే వచ్చినవి సరిగ్గా అమ్ముడుపోలేదు. విండోస్ మీద కాక లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది కాబట్టి వాలొరెంట్ లాంటి కొన్ని ఆన్‌లైన్ గేములు అందులో ఆడవు. దానికి మేం అడ్వాన్సులు తీసుకోవడం లేదు.

పాత పీఎస్4 డిస్కులుంటే పారేయకండి, డ్రైవ్ ఉన్న పీఎస్5లో దాదాపు అన్నీ ఆడతాయి. పీఎస్3 డిస్కులు మాత్రం ఆడవు. ఎక్స్చేంజికి తెచ్చినా మేం తీసుకోం.