గండికోటలో చుక్కల గీతలు

ప్రియమైన శ్రీనుకు,

నీ ఉత్తరం అంది పది రోజులైనా జవాబు రాయలేదని కోపగించుకోకు. పుష్య అమావాస్యకు గండికోట వెళ్ళి, అక్కడ తీసిన ఫోటోలన్నిటినీ, చుక్కలు కదిలే దారులు గీతలుగా కనపడేలా కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి ఇన్నాళ్ళు పట్టింది.

మొదటి రాత్రి పెన్నా లోయ అంచున, గాలికి కదలకుండా ట్రైపాడ్‌కు సంచి వేలాడదీసి, కెమెరాను ఉత్తరం వైపు తిప్పాను. అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం ఎత్తు కూడా దాదాపు అంతే కాబట్టి, లదాఖ్‌లోని హాన్లేలో 33 డిగ్రీల దాకా కనిపించే ఆ చుక్క, గండికోటలో 15 డిగ్రీల దగ్గరే, అంటే చెయ్యి చాచి పట్టిన పిడికిలికి ఒకటిన్నర రెట్ల ఎత్తులోనే ఉంటుంది. చుక్కలన్నీ దాని చుట్టూ వలయాల్లో తిరుగుతున్నట్టు కనిపిస్తాయి, అది ఇంత కిందుగా ఉండటంతో మన వైపు పూర్తి వలయాలు చిన్నవే ఉంటాయి. పెద్దవన్నీ అవతలి గట్టు వెనక్కి దిగిపోతాయి. ఇది లోపమని కొందరంటారు గానీ, కొండలోంచి పుట్టి కొండలోకే దిగే ఆ గీతలే నాకు ముద్దొచ్చాయి. ధ్రువుడు కూడా పూర్తిగా నిలకడ మనిషి కాడు సుమా, ఆకాశం తిరిగే అసలు కేంద్రానికి అర డిగ్రీ పైచిలుకు పక్కన ఉండటంతో తానూ ఒక బుల్లి గీత గీస్తాడు.

రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన చుక్క లుబ్ధకుణ్ణి (సిరియస్) కెమెరా తెర మీద లైవ్ వ్యూలో పెద్దది చేసి, సూదిమొనంత అయ్యేదాకా ఫోకస్ తిప్పి, రింగు కదలకుండా టేపు వేశాను. లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం (అపర్చర్) ఎఫ్ 2.8, వెలుగుకు స్పందించే స్థాయి (ఐఎస్ఓ) 1600, ఒక్కో ఫోటో 30 సెకన్లు. అయితే ఎక్కువసేపు తీసే ఫోటోల్లో మచ్చలు తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే ఏర్పాటును ఆపడం మరిచిపోయాను. ప్రతి ఫోటో తరువాత కెమెరా షట్టర్ మూసుకుని మరో 30 సెకన్లు చీకటినే తీసుకుంటూ కూర్చుంది! రెండు గంటల్లో 120 ఫోటోలే వచ్చాయి. పేర్చి చూస్తే ప్రతి గీతా పూసలు రాలిపోయిన దండలా తెగి తెగి ఉంది.

మర్నాటి రాత్రి దాన్ని ఆపేసి, మధ్యలో ఒక్క సెకను మాత్రమే వదిలి, అదే రెండు గంటల్లో 232 ఫోటోలు తీశాను. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది గనుక ప్రతి చుక్కా 30 డిగ్రీల చాపం గీసింది. చివరి పాతిక ఫోటోల్లో చుక్కలు మసకబారాయి. ఏమిటా అని టార్చి వేసి చూస్తే లెన్సు మీద మంచు పట్టి ఉంది, పైగా ఆ వెలుగుకు మరో రెండు ఫోటోలు పాడయ్యాయి. తూర్పున జమ్మలమడుగు దీపాల కాంతి కాస్త పసుపు పూసింది, దాన్ని అలాగే ఉంచేశాను.

వచ్చే అమావాస్యకు దక్షిణం వైపు తిప్పి, దక్షిణాన మెరిసే అగస్త్య నక్షత్రం (కానోపస్) అడ్డంగా వంగి వెళ్ళే తీరును తీయాలని ఉంది. నువ్వు వస్తే దుప్పటి, అదనపు బ్యాటరీ తెచ్చుకో. టార్చి మాత్రం ఇంట్లోనే వదిలి రా.

నీ,
రఘు